దయ్యమా, తల్లా? తెలుగు హారర్ ఎక్కడ ఆగిపోయింది

తెలుగు సినిమా హీరోకు భయం వేయదు. మన హారర్ సినిమా కష్టాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. తెర మీద ఎవరికో ఒకరికి గుండె జారితేనే కుర్చీలో కూర్చున్న మనకూ జారుతుంది. పదిమందిని ఒంటిచేత్తో గాల్లోకి లేపేవాడు, పేరు పడగానే థియేటరంతా కాగితాలు ఎగరేయించుకునేవాడు, చీకటి గదిలో కాళ్ళు వణుకుతూ నిలబడితే అభిమాని ఒప్పుకోడు. అందుకే భయపడే మగవాణ్ణి చూపించాల్సి వచ్చినప్పుడల్లా మనవాళ్ళు నవ్వులోకి దించేశారు. తమిళంలో తీసి తెలుగులోకీ తెచ్చిన సినిమాలతో రాఘవ లారెన్స్ 2007లో 'ముని'తో మొదలుపెట్టి 2011లో 'కాంచన'తో గట్టి చేసిన బాట అదే. పొద్దుగూకితే వణికిపోయే మొగోడు, వాణ్ణి చూసి పగలబడి నవ్వే హాలు.

నిజంగా భయపెట్టాలనుకున్నప్పుడు మాత్రం బరువంతా ఆడవాళ్ళ మీద పడింది. 1992 'రాత్రి'లో రేవతి, 2009 'అరుంధతి'లో అనుష్క, 2022 'మసూద'లో సంగీత. కథానాయికను పాటలకు పిలిచి మళ్ళీ పాటల దాకా మరిచిపోయే పరిశ్రమలో, సినిమా మొత్తం ఒక ఆడమనిషి ముఖం మీద నడిచే అవకాశం ఎక్కువగా దయ్యం కథల్లోనే దొరికింది. దీన్ని నేను చిన్న విషయంగా చూడను. భయపడే హక్కు ఎవరికి ఉందో, ఆ సినిమాలో మనిషిగా ఉండే హక్కు కూడా వాళ్ళకే దక్కుతుంది.

హనుమకొండలో ఉంటాను, దయ్యం సినిమా అంటే ఏ భాషదైనా వదలను. ఇన్నేళ్ళ చూపులో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. జానర్, అంటే సినిమా రకం, అనేది సినిమాలో ఏయే వస్తువులున్నాయి అన్నదాంతో తయారు కాదు. ఎవరు ఎవర్ని చూసి భయపడుతున్నారు, ఆఖరికి ఎవరొచ్చి కాపాడుతున్నారు అన్నదాంతో తయారవుతుంది. ఆ రెండింటిలో ఒకటి కదిలితేనే జానర్ కదులుతుంది. దయ్యానికి తెల్లచీర తీసేసి నల్లచీర కడితే కదలదు. తెలుగు హారర్ ఇప్పుడు సరిగ్గా అలాంటి మలుపులో ఉంది. సగం తిరిగి ఆగిపోయింది. ఆ మిగతా సగం తిరగాల్సిన చోటు మా ఉత్తర తెలంగాణ ఊర్లే అని నా నమ్మకం.

విఠలాచార్య సినిమాలతో మొదలుపెడతాను. మా చిన్నప్పుడు ఊర్లో పెండ్లయినా పండుగైనా టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చి వాకిట్లో బల్ల మీద పెట్టి తెల్లారేదాకా సినిమాలు వేసేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక 'జగన్మోహిని' పడేది. 1978 నాటి సినిమా. అందులో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. ఆ సీను రాగానే నిద్రపోతున్న పిల్లల్ని కూడా తట్టి లేపేవాళ్ళు, చూడమని. ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మేం కళ్ళు విప్పార్చుకుని చూసేవాళ్ళం. ఒక్కరూ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

దయ్యముంది, పుర్రెలున్నాయి, మంత్రముంది, రాత్రుంది. అయినా అది హారర్ కాదు, జానపదం. అక్కడ మనం చూడ్డానికి వచ్చింది వింత. రిక్ ఆల్ట్‌మన్ అనే అమెరికన్ విమర్శకుడు 1984లో ఈ తేడాకు ఒక చక్కటి దారి చూపించాడు. జానర్‌లో రెండు పొరలుంటాయన్నాడు. పాత్రలు, చోట్లు, వస్తువులు ఒక పొర, వాటిని ఒకదానితో ఒకటి కలిపే అల్లిక ఇంకో పొర. ఒకే పిండితో ఇడ్లీ వేయొచ్చు, దోశ పోయొచ్చు. మన దగ్గర హారర్ గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది పిండి దగ్గరే ఆగిపోతారు. దయ్యముంటే హారర్, లేకపోతే థ్రిల్లర్ అని పంచేస్తారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు పూనకం దగ్గరుంది. దీని మీద కాస్త నిలబడి మాట్లాడాలి.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర చూసినవాళ్ళకు నేను చెప్పబోయేది తెలిసిందే. గుడి ముందు ఒగ్గు డోలు మోగుతుంటుంది. శివసత్తులనే భక్తురాళ్ళు జుట్టు విరబోసుకుని శిగమూగుతుంటారు, అదే పూనకం. ముఖం నిండా పసుపు, నొసలంతా కుంకుమ, గాల్లో బండారి పసుపు. మా వాడకట్టులో కూరగాయలమ్మే పెద్దమ్మను ఒకసారి అక్కడ చూశాను. రోజూ గంప దించి బేరమాడే మనిషి. డోలు దెబ్బ వేగం పెరిగేసరికి మెడ వెనక్కి వాలింది, కళ్ళు పైకి పోయాయి, గొంతు మారిపోయింది. పక్కనున్నవాళ్ళు జరగలేదు. ఇంకా దగ్గరికొచ్చారు. ఒకాయన చేతులు జోడించి అడిగాడు, "ఎవలు తల్లీ? ఏం తక్వ చేసినమమ్మా?" ఆమె వంటి మీదికి వచ్చినామె తిట్టింది, నిలదీసింది, నిరుడు మొక్కిన పట్నం, అంటే దేవుని ముందు వేసే రంగుల ముగ్గు, ఎందుకు వెయ్యలేదని అడిగింది. ఆయన కండ్లకద్దుకుని ఒప్పుకున్నాడు. కాసేపటికి శిగం దిగింది. పెద్దమ్మ చెంబెడు నీళ్ళు తాగి, కొప్పు ముడేసుకుని, మనవరాలికి గాజులు చూడ్డానికి దుకాణాల దిక్కు పోయింది.

ఇప్పుడు ఇదే శరీరాన్ని సినిమాలో పెట్టండి. విరబోసిన జుట్టు, పైకి తేలిన కళ్ళు, మారిన గొంతు. 1973లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్' తర్వాత ప్రపంచం మొత్తం వీటిని భయం గుర్తులుగా వాడుకుంది. ఆ సినిమాలో పాదిరి "ఎవరు నువ్వు" అని అడిగితే రాగల జవాబు ఒక్కటే, సైతాను. మా దగ్గర అదే ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. గాలి, అంటే దయ్యం కావచ్చు; తల్లి, అంటే అమ్మవారు కావచ్చు. గాలైతే అన్నారం షరీఫ్ దర్గాకు తీసుకుపోతారు, అక్కడికి అన్ని మతాలవాళ్ళూ పోతారు. తల్లైతే బోనం చేస్తారు. జవాబు వచ్చేదాకా ఇంటివాళ్ళు ఆ మనిషికి దండం పెట్టాలో, పట్టుకుని కట్టెయ్యాలో తెలియక నిలబడతారు. ఆ నిలబడ్డ కాసేపట్లో ఎంత కథ ఉందో! తెలుగు దర్శకుడికి చేతికందేంత దూరంలో ఉన్న భయం అది, ఇంకే దేశంవాడూ తీయలేనిది. మనవాళ్ళేమో పడమటి సినిమా చూసి శిలువకు బదులు విభూతి పెట్టి తీసేస్తున్నారు.

ఈ రెండు జవాబుల సంగతి బాగా ఎరిగిన దర్శకుడు కోడి రామకృష్ణ. 1995 'అమ్మోరు', 2009 'అరుంధతి' రెండూ ఆయనవే. 'అమ్మోరు'లో ఒక అమాయకురాలిని క్షుద్రపూజలు చేసేవాడు వేధిస్తుంటే అమ్మవారు చిన్నపిల్ల రూపంలో ఆ ఇంటికొస్తుంది. ఆఖర్న రమ్యకృష్ణ ముఖం మీద అమ్మవారి ఉగ్రరూపం. ఆ సినిమాలో అన్నిటికన్నా భయంకరమైన ముఖం మంత్రగాడిది కాదు, అమ్మోరుది. అంటే తెర మీద ఎక్కువ భయపెట్టే శక్తి మన పక్షానే ఉంది. వణుకు వచ్చి వచ్చి దండం దగ్గర ముగుస్తుంది. 'అరుంధతి'లోనూ అంతే. జేజమ్మ తన ఎముకలతో చేయించిన ఆయుధంతోనే పశుపతి చావాలి. అది త్యాగం, పునర్జన్మ, ప్రతిజ్ఞ. పురాణం అల్లిక.

ఇది తక్కువ రకం సినిమా అని నేననను. పడమటి కొలతతో కొలిచి "ఇది అసలు హారర్ కాదు" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. దేవత వచ్చి ముగించే భయం మన సొంత జానర్, దానికి పెద్ద వంశమే ఉంది. కానీ ఆ అల్లికకో ధర ఉంది. కాపాడేవాళ్ళు తప్పకుండా వస్తారని ముందే తెలిసిన భయం హాల్లోనే దిగిపోతుంది. మనతో ఇంటిదాకా రాదు. 'అరుంధతి' వచ్చిన కొన్నాళ్ళకే "వదల బొమ్మాళీ" అనే మాట స్కూలు పిల్లలు ఒకరి జడ ఒకరు లాగుతూ అనే మాటైపోయింది. డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతులో మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించిన మాట అది.

రాంగోపాల్ వర్మ 'రాత్రి'లో చేసిన పని ఈ వంశం నుంచి పక్కకు జరగడం. కోట లేదు, జమీందారు లేడు, శపథం లేదు. మధ్యతరగతి కుటుంబం ఒక ఇంట్లో దిగుతుంది. కాలేజీకి పోయే అమ్మాయి ఉంటుంది. ఆ ఇల్లు మనిల్లు లాగే ఉంటుంది, అదే దాని దెబ్బ. వర్మ భయాన్ని ముఖాల మీదికన్నా ఖాళీ మీద ఎక్కువ నిలిపాడు. కెమెరా ఎవరి చూపో తెలియని చూపుతో గదుల్లో జారుతూ పోతుంది. మెట్ల మీద ఎవరూ ఉండరు, అయినా మెట్లను మనం అంతసేపు చూడాల్సి వస్తుంది.

ఈ విద్యకు చాలా పాత చరిత్ర ఉంది. 1942లో జాక్ టూర్నర్ తీసిన 'క్యాట్ పీపుల్'లో రాత్రిపూట ఒక ఆడమనిషి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల అడుగుల చప్పుడు, తర్వాత ఆ చప్పుడూ ఆగిపోతుంది. ఏదో మీద పడబోతోందని మనం బిగుసుకున్న క్షణాన బుస్సుమంటూ ఫ్రేములోకి వచ్చేది ఒక బస్సు. ఏ మృగమూ లేదు. దాని నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద ఆ ఎత్తుగడను సినిమావాళ్ళు ఇప్పటికీ 'ల్యూటన్ బస్' అంటారు. అది పనిచేసింది బస్సు చప్పుడు వల్ల కాదు, దానికి ముందున్న నిశ్శబ్దం వల్ల. మన సినిమాల్లో ఆ నిశ్శబ్దాన్ని ఉంచరు. తలుపు కిర్రుమనక ముందే వయొలిన్లు మొదలవుతాయి, చేయి భుజం మీద పడగానే డప్పులు పేలతాయి. ఉలిక్కిపడతాం, నిజమే. బస్టాండులో వెనకనుంచి హారన్ కొట్టినా ఉలిక్కిపడతాం.

ఇక 'రాత్రి'లో కూడా ఆఖరికి మంత్రం తెలిసినవాడు రావాల్సే వచ్చింది. ఓంపురి ఆ పాత్రను ఎంత బాగా చేసినా, ఎవరొచ్చి కాపాడుతున్నారు అనే ప్రశ్నకు జవాబు మాత్రం పాతదే. ఇల్లు మారింది, కాపాడేవాడు మారలేదు.

భయం పాతబడితే నవ్వవుతుంది, ఇది అన్ని దేశాల్లోనూ జరిగిందే. యూనివర్సల్ కంపెనీ 1931లో ఒకే ఏడాది 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసి జనాన్ని వణికించింది. 1948కి వచ్చేసరికి అదే కంపెనీ అవే భూతాలను అబ్బట్, కాస్టెల్లో అనే హాస్యజంట ముందు నిలబెట్టి నవ్వించింది. మన దగ్గర 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక అదే వరస. 'గీతాంజలి', 'రాజు గారి గది', ఇంకా ఎన్నో. 2017లో 'ఆనందో బ్రహ్మ' వచ్చేసరికి దయ్యాలే మనుషుల్ని చూసి జడుసుకునే దాకా వచ్చింది. అంతకు మించి ఆ బాటలో పోవడానికి చోటు లేదు. అక్కడ జానర్ ఖాళీ అయింది, కొత్తది రావడానికి వీలు దొరికింది.

అమెరికాలో ఆ ఖాళీని నింపిన సినిమాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. స్టార్లు లేరు, డబ్బు లేదు, నలుపు తెలుపు ఫిల్ము. శవాలు లేచి తిరుగుతుంటే ఒక ఇంట్లో కొందరు దాక్కుంటారు. వాళ్ళలో నల్లజాతి యువకుడు ఒక్కడే రాత్రంతా నిబ్బరంగా నిలబడి బతికి బయటపడతాడు. తెల్లారి ఊరివాళ్ళు తుపాకులతో గుంపుగా వస్తారు. కాపాడటానికి వచ్చిన ఆ గుంపే అతణ్ణి కిటికీలోంచి చూసి శవమనుకుని కాల్చేస్తుంది. సినిమా మొత్తం శవాలను చూసి భయపడ్డ మనం, చివర్లో మనుషుల్ని చూసి భయపడతాం. ఎవరు ఎవర్ని చూసి భయపడాలి, ఎవరు కాపాడాలి అనే రెండు ప్రశ్నలనూ ఒక్క తూటాతో తిప్పేశాడు రొమేరో.

తెలుగులో గుంపు మీదికి చూపు తిప్పడం ఈ మధ్యే మొదలైంది. 2021లో ఓటీటీలో వచ్చిన 'మా ఊరి పొలిమేర' చేతబడిని ఎక్కడో శ్మశానంలో కూర్చున్న పుర్రెల దండ మనిషి నుంచి తీసి, ఊర్లో ఆటో నడుపుకునేవాళ్ళ మధ్యకు తెచ్చింది. దాని రెండో భాగం 2023లో థియేటర్లకొచ్చి బాగా ఆడింది. అదే ఏడాది 'విరూపాక్ష' వచ్చింది. సినిమా మొదట్లోనే క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరివాళ్ళు ఒక జంటను నిప్పుపెట్టి కాల్చేస్తారు. తర్వాత ఊరికి చావులు మొదలవుతాయి, అష్టదిగ్బంధనం పేరుతో పొలిమేరలు మూసేస్తారు. ఆ మూసేసిన ఊరిని చూస్తుంటే హాల్లో నా పక్కనున్నవాళ్ళెవరికీ వివరం చెప్పాల్సిన అవసరం రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే మా చుట్టుపక్కల ఊర్లు రోడ్డుకడ్డంగా ముండ్లకంప, మొద్దులు వేసుకుని కావలి కూర్చున్నాయి. పట్నం నుంచి వచ్చిన సొంత కొడుకునే ఊరి బయట నిలబెట్టిన రోజులవి. పొరుగూరి మనిషిని చూస్తే భయమంటే ఏమిటో మాకందరికీ కొత్తగా తెలిసింది.

'విరూపాక్ష' బాగా తీసిన సినిమా, దర్శకుడు కార్తీక్ దండుకు ఊరిని చూపించడం వచ్చు. కానీ నా గొడవ దాని అల్లికతోనే. జంటను కాల్చేస్తున్న గుంపును చూపించి, మనల్ని ఒక్క నిమిషం గుంపును చూసి భయపడేలా చేసి, తర్వాత మళ్ళీ మంత్రాన్నే నిజం చేసింది. కాలిపోతూ పెట్టిన శాపం పుష్కరానికి ఫలించింది. అంటే గుంపుకున్న భయానికి ఆధారం ఉన్నట్టే లెక్క. తిరగబోయిన మలుపు సగంలో ఆగిందని నేనన్నది దీన్నే.

ఇది సినిమా ముచ్చట మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణం టీఆర్ నగర్‌లో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కొడుకులను పట్టపగలు, కులసంఘం మీటింగు దగ్గరే పొడిచి చంపారు. మంత్రాలు చేస్తారనే అనుమానంతోనే. ఉత్తర తెలంగాణలో పేపరు చదివేవాళ్ళకు ఇలాంటి వార్త కొత్తది కాదు. మంత్రం సరిగ్గా పలకలేకుండా చేయాలని, తాము అనుమానించిన మనిషి నోట్లో పండ్లు రాలగొట్టడం పల్లెల్లో ఎన్నోసార్లు జరిగింది. ముందు పసిపిల్లకు జ్వరమొస్తుంది, బర్రె పాలివ్వడం మానేస్తుంది, ఎవరో ఒక పేరు అంటారు. ఆ పేరు బావికాడా, కల్లు మండువకాడా తిరిగి తిరిగి గట్టిపడుతుంది. ఆ ఇంటివాళ్ళతో మాట ఆగిపోతుంది. వాళ్ళ ఆడమనిషి నల్లా కాడికొస్తే మిగతావాళ్ళు బిందెలు జరుపుకుంటారు. భూమి తగాదా ఏదన్నా ఉంటే అది కూడా ఈ పేరు చాటునే నడుస్తుంది. తర్వాత ఒక రాత్రి.

ఈ మాట అంటే మా తమ్ముడు వరసయ్యే ఒకతను నాతో గట్టిగా వాదించాడు. "అన్నా, సినిమాను సినిమా లెక్క చూడు. దయ్యం సినిమా చూసి దయ్యాలను నమ్మేటోడు ముందే నమ్ముతడు." దయ్యాల విషయంలో అతనితో నాకు పేచీ లేదు. దయ్యానికి ఊర్లో ఇల్లు లేదు, రేషను కార్డు లేదు, పిల్లలు లేరు. మంత్రగాడని పేరు పడ్డ మనిషికి ఇవన్నీ ఉన్నాయి. దయ్యం నిజమని చూపిస్తే ఎవరి పండ్లూ రాలవు. చేతబడి నిజమని, చేసినవాణ్ణి చంపితేనే ఊరు బాగుపడుతుందని అల్లిన కథ వేరు. సినిమా మొదట్లో మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదని కార్డు వేస్తారు. ఆ కార్డు రెండు క్షణాలుంటుంది. దాని తర్వాత రెండుంపావు గంటలు సినిమా వేరే సంగతి చెబుతుంది. కథ ఎవరి పక్కన నిలబడి నడిచిందో అదే మనసులో మిగులుతుంది.

నిషేధాలు, సెన్సారు కత్తెర నాకొద్దు. నేనడిగేది ఇంకా మంచి హారర్. ఎందుకంటే ఆ వెలి వేసిన ఇంటి లోపల ఉన్నది కల్తీ లేని భయం. దాన్ని తీయడానికి ఏ గ్రాఫిక్సూ అక్కర్లేదు. బయట మాటలు వినిపిస్తుంటాయి, మాటల్లో తమ పేరు వినిపిస్తుంది. రేపు పొద్దున కూలికి పిలుస్తారో లేదో తెలియదు. కుక్క మొరిగితే భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇక్కడ కాపాడటానికి మంత్రం తెలిసినవాడు రాడు, అమ్మోరు రాదు. మగవాడు కూడా వణకొచ్చు, ఎవరూ నవ్వరు.

'మసూద' ఈ దిక్కున ఒక మంచి అడుగు అని నాకనిపిస్తుంది. ఒంటరి తల్లి, ఎదిగిన కూతురు, పక్కింట్లో పిరికి కుర్రాడు. తిరువీర్ చేసిన ఆ కుర్రాడు భయపడతాడు, భయపడుతూనే సాయం చేస్తాడు. ఆ భయాన్ని దర్శకుడు సాయికిరణ్ కామెడీ చేయలేదు. పరిహారం కోసం ముస్లిం పెద్దమనిషి దగ్గరికి పోవడం మా వైపువాళ్ళకు అతి మామూలు విషయం, తెలుగు తెర మీద అరుదు. అయితే బురఖానే భయం గుర్తుగా వాడుకున్న చోట్ల నాకు మనసొప్పలేదు. వీధిలో రోజూ కనబడే మనిషి బట్టలను భూతం బట్టలు చేస్తే ఆ భయం హాల్లో ఆగదు.

భయపడే చోటు మారితే ఎంత తేడా వస్తుందో చూపించిన సినిమా మన సరుకుతోనే వచ్చింది, హిందీలో. 1990ల్లో మా ఊర్లో దాదాపు ప్రతి తలుపు మీదా బొగ్గుతోనో సుద్దతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని ఉండేది. రాత్రి ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చదివి రేపు వద్దామని తిరిగిపోతుందని. చదువు రానివాళ్ళు మా లాంటి బడి పిల్లల్ని పిలిచి రాయించుకునేవాళ్ళు. బెంగళూరు వైపు ఇదే పుకారు కన్నడంలో తిరిగింది. తెలుగువాళ్ళే అయిన రాజ్, డీకే దీన్ని తీసుకుని 2018 'స్త్రీ'కి కథ రాశారు, అమర్ కౌశిక్ చందేరీలో పెట్టి తీశాడు. అందులో దయ్యం ఎత్తుకుపోయేది మగవాళ్ళను. దాంతో రాత్రిపూట ఒంటరిగా బయటికి రావడానికి మగవాళ్ళే జంకుతారు. రోజూ ఆడవాళ్ళు పడే జంకును మగవాళ్ళ మీదికి తిప్పారు, అంతే. నవ్వుతో పాటు ఒక ముల్లు కూడా దిగింది. మన తలుపుల మీది రాత మధ్యప్రదేశ్ దాకా పోయి సినిమా అయింది.

సరుకు లేక ఆగలేదు మన సినిమా. 2023లో వచ్చిన 'బలగం' చూడండి. ఇంటి పెద్ద చనిపోతాడు, మూడో రోజు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. మళ్ళీ పెట్టినా ముట్టదు. ఊరు గుసగుసలాడుతుంది, ఇంటివాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. చచ్చిపోయినవాడికి ఏదో తీరలేదు. ఇది అచ్చంగా దయ్యం కథ మొదలు. దర్శకుడు వేణు దాన్ని కుటుంబ కథగా అల్లాడు, మా వరంగల్ జిల్లా బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాటతో అన్నదమ్ములను ఏడిపించి కలిపాడు. గొప్ప సినిమా. కానీ ఆ పిట్ట ముట్టని ముద్ద దగ్గర, ఊరంతా ఆ ఇంటి దిక్కు చూస్తున్న క్షణాన, కథ ఇంకో దిక్కుకు కూడా తిరగగలదు. తిథి వార నక్షత్రాల నుంచి తెలంగాణ యాస దాకా అన్నీ అలాగే ఉంచి, పాట ఒక్కటి తీసేసి, గుసగుసను పెంచుకుంటూ పోతే చాలు.

అయితే దానికి ఒక పనిముట్టు కావాలి. మన సినిమాల్లో మాటలు ఎక్కువగా షూటింగు అయ్యాక స్టూడియోలో డబ్బింగ్ చెప్పిస్తారు. పాటల సినిమాకు, ఫైట్ల సినిమాకు అది చెల్లుతుంది. హారర్‌కు చెల్లదు. భయపడ్డ మనిషి మాటలో సగం ఊపిరే ఉంటుంది. ఆ ఊపిరి అక్కడే, ఆ గోడల మధ్యే పట్టుకోవాలి. 1999లో వచ్చిన 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'లో ఆఖరిదాకా దయ్యాన్ని చూపించనేలేదు, చేతి కెమెరా వెనక వణికే ఊపిరే సినిమాను లాక్కుపోయింది. పెంకుటింటి మీద పిల్లి నడిచే చప్పుడు, రాత్రి మోటరు ఆగిపోయాక పొలంలో మిగిలే చప్పుడు, దూరం నుంచి వచ్చే మాటల్లో పేరు ఒక్కటే తెలిసే చప్పుడు, ఇవి ఏ స్టూడియో లైబ్రరీలోనూ దొరకవు.

జగిత్యాల దగ్గరి లంబాడిపల్లిలో పుట్టిన యూట్యూబ్ ఛానల్ 'మై విలేజ్ షో' చూశాక ఊరివాళ్ళతో, ఊర్లోనే, ఊరి యాసలో వీడియోలు తీసే పిల్లలు కరీంనగర్ నుంచి వరంగల్ దాకా తయారయ్యారు. ఇప్పటిదాకా ఎక్కువగా నవ్వించడానికే తీస్తున్నారు. కెమెరా వాళ్ళ దగ్గరుంది, ముఖాలు దొరుకుతాయి, ఆ వెలి వేసిన ఇండ్లు ఏ వాడలో ఉన్నాయో కూడా వాళ్ళకు తెలుసు. ఒక మంచి మైకు కొనుక్కుని, ఆ ఇంటి తలుపు లోపలి దిక్కున కెమెరా పెట్టి ఇరవై నిమిషాల సినిమా తీయమని వాళ్ళను అడుగుతున్నాను. మొదటి సీను నల్లా దగ్గర పెట్టుకోవచ్చు, బిందెలు జరుగుతున్న చోట.